రోజుకి అర లీటరు

కాలేజీలో మాకు ఆటలు నేర్పే పీడీ సార్‌కి ఒక అలవాటుండేది. ప్రాక్టీసుకి ముందు ఒకసారి, అయ్యాక ఇంకోసారి మమ్మల్ని తూకం మిషను ఎక్కించేవారు. ఎంత తగ్గితే అంత చెమట పోయినట్టు లెక్క. కేజీ తగ్గితే లీటరు నీళ్లు తాగాలి. అదీ ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా. వైజాగ్ ఉక్కపోతలో ఆరుసార్లు నాలుగు వందల మీటర్లు కొడితే నేను కేజీ పైనే తగ్గేదాన్ని. 2010 మొదట్లో, డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా నేర్చుకున్న లెక్క ఇది.

అదే ఏడాది అదే లెక్కని ఇంకోచోట తలకిందులుగా నేర్చుకున్నాను. కిడ్నీలు చెయ్యాల్సిన పని మిషను చేసే డయాలసిస్ వార్డు గుమ్మం పక్కన కూడా ఒక తూకం మిషను ఉండేది. నాన్న లోపలికి వెళ్లేముందు దాన్ని ఎక్కేవాడు, అయ్యాక మళ్లీ ఎక్కేవాడు. మూడు రోజుల్లో రెండున్నర కేజీలు పెరిగితే ఒంట్లో రెండున్నర లీటర్ల నీరు చేరినట్టు. నాలుగు గంటల్లో మిషను దాన్ని లాగేయాలి. నీరంతా పోయాక ఉండాల్సిన బరువుని డ్రై వెయిట్ అంటారు. నాన్నది యాభై ఒకటి. నాదీ దగ్గరదగ్గర అంతే.

మాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో పలాస దాటి ఇచ్ఛాపురం వైపు వెళ్తుంటే సముద్రం పక్కన కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో చీకటిగా కనిపించే నేల. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని మా మాస్టార్లు చెప్పేవారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఈ పేర్లు పేపర్లో వస్తే తోటల గురించి రావు, కిడ్నీల గురించి వస్తాయి. షుగరు లేనివాళ్లకి, బీపీ లేనివాళ్లకి, జీవితంలో మద్యం ముట్టనివాళ్లకి కూడా కిడ్నీలు పాడైపోతాయి. నీళ్ల వల్లనన్నారు, నేల వల్లనన్నారు, ఎండలో పని వల్లనన్నారు, ఒళ్లునొప్పుల బిళ్లల వల్లనన్నారు. ఎందరో డాక్టర్లు వచ్చి రక్తం, నీళ్లు, మట్టి పట్టుకెళ్లారు. ఇదీ కారణమని తేలలేదు.

మా పెదనాన్న నేను ఆరో తరగతిలో ఉండగా పోయాడు. అప్పట్లో మా ఊళ్లో డయాలసిస్ అంటే ఆస్తులు అమ్ముకునే జబ్బు. పెదనాన్న రెండుసార్లు చేయించుకుని, మూడోసారి రైలెక్కనన్నాడు. అందుకని 2010 జనవరిలో నాన్నకి కాళ్లు పొంగి, అన్నం సయించక, వాంతులు మొదలైనప్పుడు ఇంట్లో ఎవ్వరూ జబ్బు పేరు ఎత్తలేదు. అందరికీ తెలుసు. సోంపేటలో రక్తపరీక్ష చేయిస్తే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ తొమ్మిది దాటింది. ఒకటికి అటూఇటూ ఉండాల్సింది అది.

నేనప్పటికే వైజాగ్‌లో హాస్టల్లో ఉన్నాను. స్పోర్ట్స్ కోటాలో సీటొచ్చింది. మా స్కూల్లో డ్రిల్లు మాస్టారు నన్ను తోట గట్ల మీద పరిగెత్తించి జిల్లా మీట్ దాకా తీసుకెళ్తే, అక్కడ చూసిన సార్ వైజాగ్ రమ్మన్నారు. ఎనిమిది వందలు, పదిహేను వందల మీటర్లు నా ఈవెంట్లు. చేరిన ఆర్నెల్లకే నాన్న, అమ్మ ఒక ఇనపపెట్టెతో, మూడు గిన్నెలతో పాసింజరు దిగారు. తమ్ముడు తొమ్మిదో తరగతి, వాణ్ణి అమ్మమ్మ దగ్గర వదిలేశారు. అప్పటికి ఆరోగ్యశ్రీ వచ్చింది కాబట్టి డయాలసిస్‌కి డబ్బు కట్టక్కర్లేదు. కానీ వారానికి రెండుసార్లు అంత దూరం నుంచి రైల్లో రావడం ఆ ఒంటితో అయ్యే పనికాదు. చినవాల్తేరులో ఒక గది తీసుకున్నాం. నేను హాస్టల్ ఖాళీ చేసి అందులోకి మారిపోయాను.

అమ్మకి చదువు రాదు. ఆసుపత్రిలో కాగితాలు, కార్డు మీద అనుమతులు, రిపోర్టులు నేనే చూడాలి. గది అద్దెకీ తిండికీ అమ్మ రెండిళ్లలో వంటకి కుదిరింది. అందుకని మంగళవారం, శుక్రవారం నాన్నతో ఆసుపత్రికి వెళ్లడం నా వంతు. పొద్దున్న ఆరింటి షిఫ్టు. మా ప్రాక్టీసూ ఐదున్నరకే. వారంలో రెండు పొద్దులు అలా పోయాయి. సార్‌కి చెప్పడానికి పది రోజులు పట్టింది నాకు. టీమ్‌లోంచి తీసేస్తారేమోనని టెన్షన్.

ఆయన ఒకటే అడిగారు, "నాలుగు గంటలూ నువ్వక్కడ కూర్చోవాలా అమ్మా?"

కూర్చోవాలి, కానీ మొత్తం కాదు. సిస్టర్ చెప్పింది, సూదులు గుచ్చి మిషను తిరగడం మొదలయ్యాక మొదటి గంట, గంటన్నర మామూలుగానే ఉంటుంది. ఇబ్బందులు వస్తే ఎక్కువగా చివర్లో వస్తాయి. ఆ గంటని నేను పట్టుకున్నాను. వార్డులోంచి దిగి, గేటు దాటి, వాలులో బీచ్‌కి ఉరికేదాన్ని. కురుసుర సబ్‌మెరైన్ దగ్గర్నుంచి తడి ఇసకలో ఒక వైపు, మెత్తటి ఇసకలో మరోవైపు. ఇసకలో పరుగు పిక్కల్ని చంపేస్తుంది, ఊపిరి పెంచుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఎక్కే ఎత్తు నా హిల్ వర్కవుట్. చెమటతో వార్డులోకొస్తే పెద్ద సిస్టర్ తువ్వాలు విసిరి, "ముందు కాళ్లు కడుక్కురా, ఇసకంతా తెచ్చేశావ్" అనేది. నా బూట్లు గుమ్మం బయటే వదలాలి. అక్కడ రోగుల వాళ్ల హవాయి చెప్పుల వరసలో నా స్పోర్ట్స్ బూట్లొక్కటీ ఉండేవి.

చివరి గంట గురించి చెప్పాలి. నీరు ఎక్కువ లాగినప్పుడు నాన్నకి పిక్కలు పట్టేసేవి. ఆ నొప్పికి పెద్దపెద్దవాళ్లు అరుస్తారు. నాన్న అరిచేవాడు కాదు, మంచం ఊచ పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. మొదటిసారి నాకేం చెయ్యాలో తోచక పిక్క రుద్దాను. ఇంకా బిగిసింది. అప్పుడు గుర్తొచ్చింది. గ్రౌండులో నాకు పట్టేసినప్పుడు సార్ రుద్దనిచ్చేవారు కాదు. మోకాలు తిన్నగా పెట్టించి, మడమ ఒక చేత్తో పట్టుకుని, కాలివేళ్లని మోకాలి వైపుకి నెమ్మదిగా వంచి అలాగే ముప్పై లెక్కపెట్టేవారు. నాన్న కాలికి అదే చేశాను. ఇరవై దగ్గరికి వచ్చేసరికి గట్టిపడ్డ కండ నా అరచేతి కింద వదులవడం తెలిసింది.

"ఎక్కడ నేర్సుకున్నావమ్మా?" అన్నాడు.

"గ్రౌండులో."

అప్పటిదాకా నాన్నకి నా పరుగు అంటే సర్టిఫికెట్లు, ఒక సీటు. ఆ రోజు నుంచి ప్రాక్టీసులో ఏం చేశామో అడిగి చెప్పించుకోవడం మొదలుపెట్టాడు. రిపిటేషన్ అంటే ఏమిటి, మధ్యలో ఎంతసేపు ఆగుతారు, ఊపిరి ముక్కుతో పీలుస్తావా నోటితోనా. కొన్నాళ్లకి పక్క మంచాల వాళ్లకీ పిక్క పడితే నన్నే పిలిచేవారు. ఒక కంచిలి తాత, ఒక మందస పిన్ని, సగం వార్డు మా వైపువాళ్లే. ఊరికి ఎంత దూరం వచ్చినా ఊరివాళ్ల మధ్యనే ఉన్నట్టుండేది. అందులో కొంత ధైర్యమూ ఉండేది, చాలా దిగులూ ఉండేది. ఒక మంగళవారం కొత్త మనిషి పడుకున్న మంచం ఎవరిదో అడక్కుండానే అందరికీ తెలిసేది.

మొదట్లో మెడలో గొట్టం వేసి చేశారు. తర్వాత ఎడమ మోచేతి కింద చిన్న ఆపరేషను చేసి ఫిస్టులా పెట్టారు. ధమనిని సిరతో కలిపి కుట్టడం అన్నమాట. అది ముదరడానికి నెలన్నర పట్టింది. దాని మీద వేలు పెడితే లోపల పిల్లి గురగురమన్నట్టు రక్తం పరుగు తెలుస్తుంది. ఆ గురగుర రోజూ చూసుకోవాలి, ఆగిందంటే ఫిస్టులా మూసుకుపోయినట్టు. మా సారేమో పొద్దున్న లేవగానే మంచం మీదే నాడి లెక్కపెట్టి రాసుకోమనేవారు. మామూలుకంటే ఎక్కువ కొట్టుకుంటే ఒళ్లు అలసట తీరనట్టు, ఆ రోజు గట్టిగా పరిగెత్తకూడదు. నాలుగున్నరకి లైటు వెయ్యకుండానే ఆ గదిలో నేను నా మణికట్టు పట్టుకునేదాన్ని, నాన్న తన చెయ్యి నా వైపు చాచేవాడు. "సూడు, నడస్తందా?" నడుస్తోంది నాన్నా. నాది యాభై నాలుగు. రెండూ ఒకే నోటుబుక్కులో రాసేవాళ్లం, ఆయన బరువులు ఎడమ పేజీలో, నా టైమింగులు కుడి పేజీలో.

ఇక నీళ్ల సంగతి. డాక్టరు గారు రోజుకి అర లీటరన్నారు. అందులోనే టీ, మజ్జిగ, మాత్రలతో తాగే నీళ్లు, చారు, అన్నీ. రెండు స్టీలు గ్లాసులు. వైశాఖ మాసంలో, రేకుల కప్పు కింద, జీవితమంతా తోటలో నూతినీళ్లు చెంబులకి చెంబులు ఎత్తి తాగిన మనిషికి రెండు గ్లాసులు. ఐసు ముక్క చప్పరించేవాడు. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఉమ్మేసేవాడు. నిమ్మచెక్క నాలిక మీద రాసుకునేవాడు. కొబ్బరి నీళ్లు మాత్రం అసలు వద్దన్నారు. పొటాషియం, గుండె ఆగిపోతుందట. జీడిపప్పు వద్దు, పనసపండు వద్దు, అరటిపండు వద్దు. మా తోటలో కాసేవన్నీ వరసగా చెప్పినట్టుంది ఆ చీటీ. నలభై ఏళ్లు కొబ్బరికి నీళ్లు పోసిన మనిషి ఒక బొండం తాగకూడదు. ఉద్దానంలో ఈ జబ్బొచ్చిన ప్రతి రైతూ ఈ మాట విన్నవాడే. నాకిప్పటికీ ఇది మింగుడుపడదు.

నాకేమో సార్ రోజూ రెండు అరటిపళ్లు, నానబెట్టిన వేరుశెనగ గుళ్లు, గుడ్లు తినమన్నారు. అమ్మ ఒకే పొయ్యి మీద రెండు వంటలు చేసేది. నాన్నకి కూరముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి, ఉప్పు లేకుండా. నాకు మామూలుగా. నేను అరటిపళ్లు గ్రౌండులోనే తినేసి వచ్చేదాన్ని. నీళ్లు కూడా. ప్రాక్టీసు నుంచి వచ్చాక లీటరు తాగాలి కదా, మా వీధి మొదట్లో కొళాయి దగ్గర కూర్చుని బాటిల్ అక్కడే ఖాళీ చేసి, మూతి తుడుచుకుని గదిలోకి వెళ్లేదాన్ని. ఒకరోజు నాన్న వీధి చివర కిళ్లీకొట్టు దాకా నడుద్దామని వచ్చి చూసేశాడు. నేను బాటిల్ వెనక్కి దాచాను. దొంగతనం చేసి పట్టుబడ్డట్టు ఒళ్లు చల్లబడింది.

నాన్న కొళాయి గట్టు మీద నా పక్కన కూర్చున్నాడు. కాసేపటికి అన్నాడు, "నువ్వు దాక్కొని తాగితే నాకు దాహం తీరిపోద్దేటి? నా ఎదరే తాగు. నాను సూస్తాను."

తాగలేకపోయాను. "తాగమ్మా" అన్నాడు. సగం మిగిలిన బాటిల్ ఎత్తాను. ఏడుపొస్తుంటే నీళ్లు గొంతు దిగవు, ఆ రోజే తెలిసింది. ఆయన మాత్రం నా గొంతు కదలడం చూస్తూ కూర్చున్నాడు, ఎండిన మడికి నీరు పారుతుంటే గట్టు మీద కూర్చుని చూసే రైతులాగా. "సల్లగున్నాయా?" అన్నాడు. చల్లగా ఉన్నాయన్నాను. "ఉప్పగా లేవా? వైజాగు నీళ్లు ఉప్పగుంటాయంటారు." లేవు నాన్నా, తియ్యగానే ఉన్నాయి.

ఆ తర్వాత అది మా ఇద్దరికీ అలవాటైపోయింది. వచ్చాక గుమ్మంలో కూర్చుని ఆయన ముందే తాగేదాన్ని. ఎన్ని గుక్కలు తాగానో ఆయన లెక్కపెట్టేవాడు. ఎక్కడి నీళ్లో, ఎలా ఉన్నాయో చెప్పాలి. కుండవైతే మట్టివాసన ఉందా అని అడిగేవాడు. అమ్మకి ఇది నచ్చేది కాదు, "ఒలమ్మా, ఆయన్ని ఊరిస్తావేటే?" అని కసిరేది. నాన్నకి అది ఊరించడం కాదు. ఏమిటో నేను సరిగ్గా చెప్పలేను, కానీ అది కాదు.

నవంబరులో యూనివర్సిటీ ఇంటర్ కాలేజియేట్ మీట్ వచ్చింది. గురువారం, శుక్రవారం. పదిహేను వందలు శుక్రవారం పొద్దున్న. మొదటి ఇద్దరిని ఆలిండియా మీట్ క్యాంపుకి తీసుకుంటారు. శుక్రవారమని తెలియగానే పేరు కొట్టేయమని సార్‌కి చెప్పాను. నాన్నకి ఈ సంగతి తెలిసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు, "ఆ ఒక్క పూట మీ అమ్మొస్తాది నాతోని. వంటకి సెలవు సెప్పింది. నువ్వు ఎల్లు" అన్నాడు. వార్డులో సిస్టర్లు నాకు బాగా తెలుసు, అమ్మని చూసుకోమని చెప్పాను. సరేనని మళ్లీ పేరిచ్చాను.

గ్రౌండులో సున్నంతో గీసిన లైన్లు, రాత్రి మంచుకి తడిసిన మట్టి. పదిహేను వందలంటే మూడు రౌండ్లు, పైన మూడు వందల మీటర్లు. పదకొండు మందిమి. మొదటి రౌండు నేను ఐదో స్థానంలో, లోపలి గీతని అంటుకుని పరిగెత్తాను. సార్ అలాగే చెప్పారు. రెండో రౌండులో మలుపు తిరుగుతుంటే వేపచెట్టు కింద నాన్న కనిపించాడు.

తెల్లచొక్కా, ఎడమ చెయ్యి కిందికి వేలాడకుండా గుండెకి ఆనించి పట్టుకుని, ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆ టైముకి ఆయన మిషను మీద ఉండాలి.

నాన్నని చూసి నాకు బలం వచ్చిందని చాలామంది అనుకుంటారు ఈ సంగతి చెప్తే. అలా జరగలేదు. నాకు భయమేసింది. మంగళవారం నుంచి ఎన్ని లీటర్లు చేరి ఉంటాయో లెక్క వేసుకుంటూ పరిగెత్తాను. ఈ పరుగు అయిపోతే తప్ప ఆయన దగ్గరికి వెళ్లలేను, అందుకని తొందరగా అయిపోవాలి. గెలవాలని కాదు, అయిపోవాలని. చివరి మూడు వందల్లో ముగ్గుర్ని దాటానని తర్వాత చెప్తే తెలిసింది. రెండో స్థానం. నాలుగు నిమిషాల యాభై ఏడు సెకన్లు. అంతకు ముందు నా బెస్ట్ ఐదు నిమిషాల నాలుగు సెకన్లు.

ఫినిష్ దగ్గర ఆగకుండా నేరుగా వేపచెట్టు దగ్గరికి వెళ్లి అందరి ముందూ నాన్నని అరిచేశాను. ఎందుకొచ్చావు, చచ్చిపోదామనుకుంటున్నావా అని. ఆ మాటే అన్నాను. ఆయన ఏమీ అనకుండా చేతిసంచిలోంచి బాటిల్ తీసి మూత తిప్పి, "ముందు నీళ్లు తాగు" అన్నాడు. వార్డులో టైము మార్చారని అమ్మకి అబద్ధం చెప్పి వచ్చాడు. "ఒక్కపాలే కదమ్మా. నీ పరుగెప్పుడూ సూడ్నేదు."

ఆటోలో వార్డుకి పరుగెత్తాం. వంతు దాటిపోయింది, మధ్యాహ్నం మిషన్లన్నీ నిండిపోయాయి, శనివారం పొద్దున్న చేస్తామన్నారు. వాళ్లని అనడానికి ఏమీ లేదు, ఒక్కో మిషనుకి ఒక్కో బతుకు ఎదురుచూస్తోంది. సాయంత్రం దాకా బాగానే ఉన్నాడు. అమ్మకి నా పరుగంతా చేతులు తిప్పుతూ చెప్పాడు, మా గుంట ఇలా తిరిగింది, ఇలా దాటింది అని. రాత్రి పడుకోబోతే ఊపిరాడలేదు. కూర్చుంటే కొంచెం నయం, వాలితే ఆయాసం. పన్నెండున్నరకి పెదవులు నీలమయ్యాయి. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని నాకు అర్థమైంది, వార్డులో అలాంటివాళ్లని చూశాను. ఆటో కోసం మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తాను. అది ఎంత దూరమో నాకు తెలుసు, ఆరు వందల మీటర్లు. అక్కడ స్టాప్‌వాచ్ లేదు కానీ నా జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ పరిగెత్తలేదు.

ఆక్సిజన్ పెట్టి, మూడింటికి ఎమర్జెన్సీలో డయాలసిస్ చేశారు. తూకం నాలుగు కేజీలు ఎక్కువ చూపించింది. ఆ రోజు గ్రౌండు బయట ఒక గోళీసోడా తాగానని తెల్లారాక తనే చెప్పాడు. నా గెలుపుకి.

సోమవారం కాలేజీ ఇచ్చిన స్పైక్స్ బూట్లు తీసుకెళ్లి సార్ టేబుల్ మీద పెట్టేశాను. క్యాంపుకి రాలేనన్నాను. ఆయన నన్ను ఒప్పించడానికి ఏమీ మాట్లాడలేదు. రిజిస్టరు తీసి నా పేరు ఎదురుగా మంగళవారం, శుక్రవారం గళ్లలో అడ్డంగా గీత గీసి, "ఈ రెండు రోజులూ నీకు క్యాంపు లేదు. మిగతా ఐదు రోజులూ రా" అన్నారు. అంతే. ఆ వారం నుంచి మా హర్డిల్స్ అమ్మాయి, జావెలిన్ అమ్మాయి వంతులేసుకుని శుక్రవారాలు చివరి గంట వార్డులో కూర్చునేవారు, నేను బీచ్‌లో ఇంకో అరగంట ఎక్కువ పరిగెత్తడానికి. పిక్క పడితే ఎలా వంచాలో వాళ్లకి కొత్తగా నేర్పక్కర్లేకపోయింది. నాన్న ఇద్దర్నీ "అమ్మా" అనే పిలిచేవాడు. ఆ ఇద్దరి రుణం నేను తీర్చలేదు, తీర్చగలిగేదీ కాదు.

ఆలిండియా మీట్‌కి ఆరు రోజులు ఊరు దాటి వెళ్లాను. దాని గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. హీట్స్‌లోనే, అంటే మొదటి వడపోత పరుగులోనే ఆగిపోయాను. కేరళ అమ్మాయిల వీపులు నాకు ఒక్క రౌండు దాకే కనిపించాయి. రాత్రి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే నాన్న ఎన్నో స్థానమని అడగలేదు. "అక్కడి నీళ్లు ఎలాగున్నాయి?" అన్నాడు. గట్టినీళ్లు నాన్నా, పప్పు కూడా సరిగ్గా ఉడకట్లేదన్నాను. "అయితే ఎక్కువ తాగకు, కడుపు సెడిపోద్ది. మరిగించినవి అడుగు" అన్నాడు.

కష్టాలే నన్ను రాటుదేల్చాయని ఎవరైనా అంటే నేను ఊరుకోను. నాన్నకి జబ్బు రాకపోయి ఉంటే నేను ఇంకా బాగా పరిగెత్తేదాన్ని. నిద్ర ఉండేది, తిండి ఉండేది, తలలో లెక్కలు ఉండేవి కావు. నాలుగు యాభై ఏడు కంటే తక్కువ టైములో మళ్లీ ఎప్పుడూ చెయ్యలేదు. అది మాకు పోయిందే, వచ్చింది కాదు. కానీ పరుగు లేకపోయి ఉంటే ఆ వార్డు మెట్లు రెండేళ్లకి పైగా ఎలా ఎక్కి దిగేదాన్నో నాకు తెలియదు. రెండూ నిజమే.

అమ్మ కిడ్నీ ఇస్తానంది, పరీక్షల్లో ఆమెకి బీపీ ఉందని కుదరదన్నారు. నేనిస్తానన్నాను. నాన్న ఆ మాట రెండోసారి ఎత్తనివ్వలేదు. "మన గాలికి నీకు ఒకటి స్పేరుండాల" అన్నాడు. మా ఊళ్లో ఆ మాటకి ఎదురు చెప్పడం కష్టం. 2012 మే నెలలో, నా డిగ్రీ చివరి పరీక్ష అయిన పదకొండో రోజు, నిద్రలోనే పోయాడు. శుక్రవారం డయాలసిస్ అయింది, శనివారం రాత్రి. ఆ రోజు నోటుబుక్కులో ఎడమ పేజీలో యాభై ఒకటి అని ఉంది. డ్రై వెయిట్.

తర్వాత నేను బీపీఈడీ చేశాను, డీఎస్సీ రాశాను. ఇప్పుడు మా వైపే హైస్కూల్లో పీఈటీగా ఉన్నాను. సోంపేటలో, పలాసలో, కవిటిలో డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, ఎవరూ ఇనపపెట్టెతో పాసింజరెక్కక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, పెద్దాసుపత్రి తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో ఉద్దానానికి తెచ్చారు. నాన్న పెంచిన తోట మాత్రం ఆ నీళ్లు చూడలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో ఎనభై చెట్లు పడగొట్టింది. తమ్ముడు మళ్లీ మొక్కలు వేశాడు, ఇంకా కాపుకి రాలేదు.

సాయంత్రం నాలుగున్నర నుంచి నా పిల్లలు పరిగెత్తుతారు. పద్నాలుగు మంది, అందులో తొమ్మిది మంది ఆడపిల్లలు. మా దగ్గర తూకం మిషను లేదు, అందుకని ఎవరు ఎంత తాగాలో నేను చెమట చూసి చెప్తాను. విజిల్ ఊదగానే కొళాయి దగ్గరికి ఉరుకుతారు. ఏడో తరగతి పిల్ల ఒకతె ఉంది, ఎనిమిది వందల్లో బాగా వస్తుంది. వాళ్ల నాన్న కూడా వారానికి రెండుసార్లు సోంపేట వెళ్తాడు. ఆ పిల్ల మిగతావాళ్లు వెళ్లిపోయేదాకా ఆగి, ఎవరూ చూడకుండా గోడ పక్కకి తిరిగి తాగడం మొన్న గమనించాను.

వెళ్లి కొళాయి గట్టు మీద కూర్చున్నాను. "ఇటు తిరుగమ్మా" అన్నాను. "నా ఎదురుగా తాగు. నేను చూస్తాను."